వయసు మీరిన పిల్లి: నిద్ర, నడక, రాత్రి అరుపులు

(పిల్లులు పెంచుకునేవాళ్ళ కోసం ఏర్పాటైన అవగాహన సభలో ఒక పశువైద్యుడి ప్రసంగ పాఠం. చివర్లో సభ నుంచి వచ్చిన కొన్ని ప్రశ్నలు.)

అందరికీ నమస్కారం.

ముసలి పిల్లిని ఆసుపత్రికి పట్టుకొచ్చేవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "వయసైపోయింది కదండీ, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది." ఈ మాట సగం నిజం. మిగతా సగంలో కీళ్ళ నొప్పులు దాక్కుంటాయి, కిడ్నీ జబ్బు దాక్కుంటుంది, బీపీ దాక్కుంటుంది. నొప్పి దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్య. దానికి తోడు మనం కూడా వయసు అనే దుప్పటి కప్పేస్తే ఇక ఆ నొప్పి ఎవరి కంటా పడదు. ఇవాళ ఆ దుప్పటి ఎలా తీసి చూడాలో మాట్లాడుకుందాం.

ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లి సంగతి. రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. మనలా రాత్రంతా ఒక్క బిగిన పడుకోదు. గంట, గంటన్నర చొప్పున ముక్కలు ముక్కలుగా పడుకుంటుంది. అందులో ఎక్కువ భాగం కోడికునుకే. కళ్ళు మూసుకునే ఉంటాయి, చెవులు మాత్రం వంటింట్లో గిన్నె చప్పుడైన వైపు తిరుగుతుంటాయి. మధ్యమధ్యలో కొద్ది నిమిషాలు ఒళ్ళు మరిచిపోతుంది. అప్పుడు మీసాలు అదురుతాయి, పాదాలు కొట్టుకుంటాయి. 1959లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జూవే అనే నిద్ర శాస్త్రవేత్త ఈ దశని పిల్లుల్లోనే పరిశోధించి 'విరుద్ధ నిద్ర' అని పేరు పెట్టాడు. మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా పనిచేస్తుంటుంది, కండరాల్లో మాత్రం బిగువే ఉండదు. కాబట్టి నిద్రలో పాదాలు అదిరితే ఫిట్స్ అని కంగారు పడకండి. పేరు పెట్టి పిలవగానే లేచి మామూలుగా చూసిందంటే అది నిద్రే. పిలిచినా లేవకుండా, ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, పడుకున్నచోటే మూత్రం పోతే అది ఫిట్స్.

మెలకువగా ఉండే గంటలు ఎక్కువగా సందెవేళ, వేకువజామున ఉంటాయి. ఎలుకలు, పిట్టలు మసిలే వేళలవి. తెల్లవారుజామున నాలుగింటికి మిమ్మల్ని లేపే పిల్లి తన గడియారాన్నే పాటిస్తోంది.

ఇక వయసు లెక్క. 2021లో అమెరికా పశువైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 10 ఏళ్ళు నడివయసు, 10 దాటితే వృద్ధాప్యం. మనిషి వయసుతో పోల్చాలంటే మొదటి ఏడాదికి 15, రెండో ఏడాది నిండేసరికి 24, ఆపైన ఏడాదికి 4 చొప్పున కలుపుకోండి. అలా 10 ఏళ్ళ పిల్లి 56 ఏళ్ళ మనిషి, 15 ఏళ్ళది 76 ఏళ్ళ మనిషి. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించమంటే చాలామంది "మొన్ననే కదా చేయించాం" అంటారు. మనిషి లెక్కన ఆ మొన్నకీ ఇవాళ్టికీ మధ్య రెండేళ్ళు గడిచాయి.

వయసు వల్ల మాత్రమే వచ్చే మార్పు ఏమిటి? నిద్ర కొంచెం పెరుగుతుంది; రోజుకి 18 గంటలు పడుకునే ముసలి పిల్లులు చాలా ఉంటాయి. దారానికి కట్టిన ఈక వెంట పది నిమిషాలు గెంతేది కాస్తా మూడు నిమిషాలకే కూర్చుని పంజాతో కొడుతుంది. చెవుడు వస్తే గేటు చప్పుడుకి లేవదు. కంటిపాప లోపల నీలంగా మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. కటకం గట్టిపడటం వల్ల వచ్చే ఈ రంగు శుక్లం కాదు, చూపు పెద్దగా తగ్గదు. ఇవన్నీ ఏళ్ళ మీద మెల్లగా వస్తాయి. రెండు మూడు వారాల్లో వచ్చిన మార్పుని వయసు ఖాతాలో వేయకండి, అది జబ్బు.

ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. కీళ్ళ అరుగుదల కూడా ఏళ్ళ మీద మెల్లగానే వస్తుంది. అందుకే అది వయసు వేషం వేసుకుని తప్పించుకుంటుంది. 2002లో అమెరికాలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల కీళ్ళలోనో వెన్నుపూసల్లోనో అరుగుదల కనబడింది. ఎక్స్‌రేలో కనబడ్డ ప్రతి పిల్లికీ నొప్పి ఉంటుందని కాదు. కానీ ముసలి పిల్లి కదలడం తగ్గించిందంటే ముందు అనుమానించాల్సింది కీళ్ళనే. ముందుకాళ్ళ మోచేతులు, తుంటి, నడుము దగ్గరి వెన్ను ఎక్కువగా అరుగుతాయి.

"మరి కుంటదు కదా?" అని అడుగుతారు. కుక్కయితే కుంటుతుంది. పిల్లికి అరుగుదల చాలాసార్లు రెండు వైపులా సమానంగా వస్తుంది, ఏ కాలు ఎత్తిపెట్టాలో దానికే తెలియదు. పైగా నాలుగు కిలోల ఒళ్ళు, విల్లులా వంగే వెన్ను. అది కుంటడానికి బదులు పని మానేస్తుంది. ఏ పని మానేసిందో మీరు గమనించాలి.

ఎక్కడ పడుకుంటోందో చూడండి. మొన్నటిదాకా ఫ్రిజ్ మీదో, బీరువా మీదో, కిటికీ గట్టు మీదో పడుకునేది ఇప్పుడు సోఫా మీదకి, ఆ తర్వాత నేల మీది చాప మీదకి దిగిందా? గంటల సంఖ్య కంటే ఇది ఎక్కువ చెబుతుంది. మంచం ఎక్కేముందు పైకి చూసి, ఒళ్ళు ఊపి, ఆగి, మళ్ళీ చూసి ఎక్కుతోందా? ఒక్క గెంతులో ఎక్కేది కుర్చీ మీదికి, కుర్చీ నుంచి బల్ల మీదికి రెండు అంచెల్లో వెళుతోందా? దిగేటప్పుడు ముందుకాళ్ళు వీలైనంత కిందికి జార్చి తర్వాత వదులుతోందా? ఎక్కడం కంటే దిగడం ముందు చెడుతుంది, ఎందుకంటే దిగేటప్పుడు బరువంతా మోచేతుల మీద పడుతుంది.

నడుము మీద, తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టి, పొట్టు రాలుతుంటే మెడ అక్కడిదాకా తిప్పి నాక్కోలేకపోతోందని అర్థం. అక్కడ చెయ్యి వేస్తే చర్మం అలలా అదిరినా, తిరిగి కరవబోయినా నొప్పే. కోపిష్టి అయిపోయిందని తిట్టకండి.

గోళ్ళు చూడండి, ముఖ్యంగా ముందుకాళ్ళ బొటనవేలి గోరు. నేలకి ఆనని గోరు అది. వయసులో ఉన్న పిల్లి గోనెసంచిని, చెక్కని గీరి పైపొర ఊడగొట్టుకుంటుంది. గీరడం మానేస్తే గోరు లావెక్కి, కొడవలిలా వంగి, పాదం మెత్తలోకి దిగబడుతుంది. ఒక్క గోరు దిగబడినా నడక ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు. రెండు వారాలకోసారి పాదం నొక్కి ప్రతి గోరూ బయటికి తీసి చూడండి. లోపల గులాబీ రంగులో కనిపించే నెత్తుటి భాగానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే కత్తిరించండి.

ఆసుపత్రిలో పిల్లి నడవదు. బల్ల మీద పెట్టగానే బిగుసుకుపోతుంది. కాబట్టి ఇంట్లో ఫోనుతో తీసిన వీడియో తీసుకురండి. ఆరు పనులు తీస్తే చాలు: పరుగెత్తడం, పైకి గెంతడం, కిందికి దూకడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, బొమ్మ వెంట పడటం. ఒక్కోటి పది సెకన్లు, పక్కనుంచి తీయండి. దీనంత పనికొచ్చే పరీక్ష మా దగ్గర కూడా లేదు.

ఇంట్లో చేయాల్సిన మార్పులకి పెద్ద ఖర్చు లేదు. మన ఇళ్ళలో పిల్లి కీళ్ళకి మొదటి శత్రువు నేల. టైల్స్, గ్రానైట్, మార్బుల్ నున్నగా ఉంటాయి, దిగినచోట కాళ్ళు రెండువైపులా జారిపోతాయి. అది దిగే ప్రతి చోటా, తిండి గిన్నె దగ్గర, ఇసుక తొట్టి దగ్గర కొబ్బరిపీచు పట్టా గానీ, అడుగున రబ్బరున్న పట్టా గానీ వేయండి. 45 సెంటీమీటర్ల ఎత్తున్న మంచానికి 15 సెంటీమీటర్ల చొప్పున రెండు మెట్లు చాలు. మూడో అడుగు మంచమే. పాత పీటలు ఒకదాని మీద ఒకటి పెట్టి మేకులు కొట్టినా సరిపోతుంది. మెట్టు లోతు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, నాలుగు కాళ్ళూ పట్టాలి. మెట్టు కదిలిందంటే పిల్లి మళ్ళీ దాని వైపు చూడదు.

ఇసుక తొట్టి దగ్గర జరిగే పొరపాటు ఎక్కువ. అంచు 15, 20 సెంటీమీటర్లున్న టబ్బులోకి నొప్పి కాళ్ళతో ఎక్కలేక పక్కనే మలవిసర్జన చేస్తుంది. దాన్ని మొండితనం అనుకుని కొడతారు. టబ్బుకి ఒకవైపు అంచు 7, 8 సెంటీమీటర్లకి కోసి, కోసిన అంచుకి మందపాటి టేపు అంటించండి. పొడవు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న కొలతకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇసుక సన్నదై, నాలుగు సెంటీమీటర్ల లోతు ఉంటే చాలు. మరీ లోతుగా పోస్తే కాళ్ళు దిగబడి తూలుతుంది. రెండంతస్తుల ఇల్లయితే అంతస్తుకొకటి పెట్టండి. కొత్త తొట్టి పెట్టిన రోజే పాతది తీసేయకండి, రెండు వారాలు రెండూ ఉంచండి.

మందుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ పిల్లికి పెట్టకండి. డోలో, క్రోసిన్, ఏ పేరుతో ఉన్నా అదే మందు. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ళ ప్రాణం తీయగలదు. నెత్తురు గోధుమరంగుకి మారుతుంది, చిగుళ్ళు నల్లబడతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. పొరపాటున మింగితే తెల్లారేదాకా ఆగకండి, ఆ గంటలోనే ఆసుపత్రికి రండి, విరుగుడు మందు ఉంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా నిషిద్ధమే. నొప్పికి పిల్లులకి వాడే మెలాక్సికామ్ చుక్కలున్నాయి, వాటిని కిడ్నీ పరీక్ష చేశాక బరువుని బట్టి డాక్టరే నిర్ణయించాలి. కీళ్ళ నొప్పికి నెలకోసారి చర్మం కింద ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ ఇంజెక్షన్‌కి 2021లో ఐరోపాలో, 2022 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. లావుగా ఉన్న పిల్లికి బరువు తగ్గించడమే సగం మందు. కానీ ఆరు కిలోల పిల్లి వారానికి 60 గ్రాములు తగ్గితే చాలు. తిండి పూర్తిగా మానేసిన లావు పిల్లికి రెండు మూడు రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది, పస్తు పెట్టకండి.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు సంగతి. పన్నెండేళ్ళ పిల్లి ఉన్నట్టుండి కాలుగాలిన పిల్లి సామెతలోలా ఇల్లంతా తిరుగుతోంది, కూనలా గెంతుతోంది, గిన్నె ఖాళీ చేసి మళ్ళీ అడుగుతోంది. ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. అప్పుడు వెన్ను మీద చెయ్యి పెట్టి చూడండి. ఎముకలు తగులుతున్నాయంటే అది థైరాయిడ్ ఎక్కువైన లక్షణం. పిల్లుల్లో ఈ జబ్బుని మొదట 1979లో న్యూయార్క్‌లో వివరించారు. పదేళ్ళు దాటిన పిల్లుల్లోనే ఎక్కువ. మెడలోని గ్రంథి పెరిగి హార్మోను ఎక్కువగా వదులుతుంది, గుండె పరుగెడుతుంది, నిద్ర పట్టదు, రాత్రిళ్ళు గట్టిగా అరుస్తుంది. రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోను పరీక్షతో చాలావరకు తేలిపోతుంది. మెథిమజోల్ లేదా కార్బిమజోల్ బిళ్ళలు రోజూ వేయాలి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ రక్తపరీక్ష తప్పదు. థైరాయిడ్ జోరులో కిడ్నీలకి రక్తం ఎక్కువ వెళ్ళి, వాటి జబ్బు కప్పబడి ఉంటుంది; జోరు తగ్గగానే అది బయటపడుతుంది.

అందుకే తూకం. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గితే కంటికి తెలియదు, కానీ అది అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినంత. పిల్లిని ఎత్తుకుని మనం తూగే మిషన్‌లో 200 గ్రాముల తేడా తప్పిపోతుంది. పసిపిల్లల్ని తూచే మిషన్ కొనుక్కుని, పదిహేను రోజులకోసారి ఒకే వేళలో తూచి రాసిపెట్టండి.

రాత్రి అరుపుల గురించి ఇక్కడున్న చాలామంది అడగాలనుకుంటున్నారని తెలుసు. అందరూ ఇల్లు సద్దుమణిగి పడుకున్నాక, వరండాలో నిలబడి, గోడ వైపు చూస్తూ బొంగురుగా అరుస్తుంది. మతిమరుపు అని తేల్చేముందు నాలుగు చూసుకోవాలి. ఒకటి కీళ్ళు, రెండు థైరాయిడ్, ఇప్పుడే చెప్పాను. మూడోది బీపీ. పై అంకె 160 దాటితే ఎక్కువ. 180 దాటితే కళ్ళు, మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. పట్టపగలు కూడా కంటిపాపలు పెద్దవిగా తెరుచుకుని ఉంటే, గుమ్మాలకి గుద్దుకుంటుంటే అదే రోజు రండి. ఆమ్లోడిపిన్ అనే మందుతో బీపీ అదుపులోకి వస్తుంది, తొందరగా వస్తే కొన్నిసార్లు చూపూ దక్కుతుంది. నాలుగోది చెవుడు. తన గొంతు తనకి వినపడని పిల్లి గట్టిగా అరుస్తుంది. వెనకనుంచి, నేల అదరకుండా, గాలి తగలకుండా తాళాల గుత్తి ఊపి చూడండి. చెవి తిరగకపోతే వినపడటం లేదు.

ఇవేవీ కాకపోతే మతిమరుపు. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లుల్లో నాలుగో వంతుకి పైగా, 15 దాటినవాటిలో దాదాపు సగం పిల్లుల్లో ఏదో ఒక లక్షణం ఉంటుందని అంచనా. మనుషుల అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీనే వీటి మెదడులోనూ కనబడింది. తెలిసిన ఇంట్లోనే దారి తప్పడం, తిన్న సంగతి మరిచి మళ్ళీ అడగడం, పగలంతా మత్తుగా పడి ఉండి రాత్రంతా తిరగడం దాని గుర్తులు.

దీన్ని నయం చేసే మందు లేదు, కానీ రాత్రిని తేలిక చేయొచ్చు. పగటి నిద్రని కొంచెం విడగొట్టండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఐదేసి నిమిషాలు నేల మీదే ఈకతో ఆడించండి, గెంతించకండి. రోజు తిండిని నాలుగైదు వాయిదాలుగా పెట్టండి. చివరి ఆట, ఆ వెంటనే చివరి తిండి మీరు పడుకునేముందు. ఆటా తిండీ అయ్యాక నాక్కుని పడుకోవడం పిల్లి సహజమైన వరస. ఇసుక తొట్టికి వెళ్ళే దారిలో చిన్న బెడ్‌లైటు వెలగనివ్వండి. సామాన్లు అటూ ఇటూ మార్చకండి. అరిచినప్పుడల్లా లేచి తిండి పెడితే అరిస్తే తిండి వస్తుందని నేర్చుకుంటుంది. అందుకు బదులు టైమరున్న గిన్నె తెల్లవారుజాము మూడున్నరకి తెరుచుకునేలా పెట్టండి. కొట్టకండి, గదిలో పెట్టి తలుపు వేయకండి. అది భయంతో అరుస్తోంది.

కిడ్నీల సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్ళు ఎక్కువ తాగడం, తొట్టిలో నిమ్మకాయంత ఉండే ఇసుక ముద్దలు నారింజకాయంత అవడం తొలి గుర్తులు. నీటిని 1గా తీసుకుని కొలిచే మూత్రం చిక్కదనం 1.035 కంటే తక్కువైతే, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంతుందో చూడాలి. ఇంట్లో మూడు నాలుగు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు పెట్టండి.

మన వాతావరణం గురించి ఒక మాట. ఏ శ్రమా లేకుండా పిల్లి ఒళ్ళు వేడి నిలుపుకునేది చుట్టూ ఉన్న గాలి 30 నుంచి 38 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. అంటే మనకి హాయిగా ఉండే 24 డిగ్రీల ఏసీ గది కండ తగ్గిన ముసలి పిల్లికి చలి. అది సెట్‌టాప్ బాక్సు మీదో, అప్పుడే ఆపిన గ్యాసు పొయ్యి పక్కనో చేరుతుంది. వేడినీళ్ళ సంచిని రెండు పొరల తువ్వాలులో చుట్టి పక్క ఒక మూలన పెట్టండి, అక్కర్లేకపోతే లేచి జరిగేందుకు చోటుండాలి. ఇక మే నెలలో నలభై దాటిన ఎండల్లో నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే అది ఎంతమాత్రం మామూలు కాదు, అత్యవసరం. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి పడటం 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. నిమిషానికి 30 దాటి ఉంటూ వస్తే గుండెనో ఊపిరితిత్తులనో చూపించాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సర్, మేం శాకాహారులం. మా పిల్లికి పదమూడేళ్ళు, చిన్నప్పటినుంచీ పెరుగన్నమే. ఈ మధ్య బాగా నీరసంగా పడుకుంటోంది. రాత్రి అరిస్తే పాలు పోస్తున్నాం.

జవాబు: అమ్మా, ముందు గుండె పరీక్ష చేయించండి. టారిన్ అనే పోషకం పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది లేకపోతే గుండె కండరం పలచబడి సాగుతుందని 1987లోనే తేలింది, కంటిచూపూ దెబ్బతింటుంది. లోటు వల్ల వచ్చిందైతే టారిన్ ఇచ్చాక గుండె చాలావరకు కోలుకుంటుంది. మీరు మాంసం వండనక్కర్లేదు, టారిన్ కలిపిన పిల్లుల తయారీ ఆహారం ప్యాకెట్లలో దొరుకుతుంది. ఒక్కసారిగా మార్చకండి, ఈ వయసులో పది రోజులు పట్టినా పరవాలేదు. పాత అన్నంలో కొంచెం కొంచెంగా కలుపుతూ పెంచండి. గోరువెచ్చగా చేస్తే వాసన వచ్చి తింటుంది. పాలు మానేయండి, పెద్ద పిల్లులకి పాల చక్కెర సరిగా అరగదు, విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది.

ప్రశ్న: మా అమ్మగారి నిద్రమాత్ర పావుముక్క వేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఆ మందుల్లో కొన్ని పిల్లి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని నిద్రకి బదులు పిచ్చి హుషారు తెప్పిస్తాయి. నొప్పి ఉన్న పిల్లికి మత్తిస్తే నొప్పి అలాగే ఉంటుంది, చెప్పుకునే దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: ఒంటరిగా ఉంటోందని తోడుగా ఒక కూనని తెద్దామనుకుంటున్నాం.

జవాబు: కీళ్ళ నొప్పులున్న పిల్లి మీద రోజంతా ఒక కూన దూకుతుంటే దానికి నరకం. ముసలి పిల్లి తొట్టికి వెళ్ళే దారిలో కూన కాపు కాస్తుంది, దాంతో ముసలిది మూత్రం బిగబట్టుకుంటుంది. ఇప్పటికే తెచ్చేసి ఉంటే వేరే గది, వేరే గిన్నెలు, వేరే తొట్టి ఇవ్వండి. మొదటి వారం వాసన పట్టిన గుడ్డలు మాత్రమే ఒకరివి ఒకరికి మార్చండి. తర్వాత తలుపుకి అటూ ఇటూ తిండి పెట్టండి. ముసలి పిల్లి బుసకొట్టకుండా తినేదాకా తలుపు తీయకండి. ఆ తర్వాత కూడా కూన ఎక్కలేని చోటు దొరకదు కాబట్టి, కూన రాలేని గది ఒకటి ముసలిదానికి ఎప్పటికీ ఉంచండి.